టేపు చివర బొటనవేలు

సాలూరులో మా పటాల కొట్టుకి కంప్యూటర్ వచ్చిన రోజున మా నాన్న దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన పటాలు కట్టిన పద్ధతి ఒక్కటే. గోడకి మేకులు కొట్టి తగిలించిన ఫ్రేము మూలముక్కల్లోంచి ఒకటి తీస్తాడు. దాన్ని బొమ్మ మూల మీద ఆనించి, ఒక కన్ను మూసి చూసి, "ఇది కట్టేత్తాను" అంటాడు. కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా ఒక కన్ను మూసి చూసి తలూపేవారు. మిగతా మూడు మూలలూ ఎలా ఉంటాయో ఊహించుకునే కష్టం వాళ్ళదే.

ఆ కష్టం తప్పిద్దామని నేను నడుం కట్టాను. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. విశాఖపట్నంలో ఒక షాపులో చూశాను ఆ సాఫ్ట్‌వేరు. బొమ్మని కెమెరాతో తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తే, ఏ ఫ్రేము కడితే ఎలా ఉంటుందో కట్టకముందే తెర మీద చూపిస్తుంది. నాకొకటి నచ్చిందంటే ఇక ఎవరి మాటా చెవికెక్కదు. వారం రోజులు అలిగి, అన్నం దగ్గర మూతి ముడుచుకుని, మొత్తానికి కొనిపించాను.

"కట్టని పటం సూసి ఏటి సేత్తారే, దండం పెడతారా?" అన్నాడు నాన్న.

పని నేననుకున్నంత సులువుగా లేదు. బొమ్మకి సరిగ్గా ఎదురుగా నిలబడి తీయాలి. నేను ఓ పక్కకి ఒరిగితే ఫోటోలో దేవుడూ ఒరిగేవాడు. పాత పటాల గాజులో నా మొహం కూడా పడేది. చర్చికి వెళ్ళే ఒకావిడ తెచ్చిన ఏసుప్రభువు పటాన్ని తెరకెక్కిస్తే, ప్రభువు భుజం మీద కెమెరా పట్టుకుని నేనున్నాను. ఆవిడ నవ్వాపుకోలేక బల్ల పట్టుకుంది. నాన్న మాత్రం వెనక్కి తిరక్కుండానే, "పోన్లే, నీకూ మోక్షం వొచ్చినాది" అన్నాడు.

ఫోటో ఎక్కించాక బొమ్మ నాలుగు మూలల మీదా మౌసుతో నొక్కాలి. ఆ నాలుగు చుక్కల బయట ఉన్నదంతా కంప్యూటర్ కోసి పారేసి, లోపలిదాన్ని వంకర తీసి నిలబెడుతుంది. తర్వాత అసలు కొలత చెప్పాలి. చెప్పకపోతే తపాలా బిళ్ళంత బొమ్మకి తలుపంత ఫ్రేము కట్టి చూపిస్తుంది. అందుకని ఒక అలవాటు చేసుకున్నాను. మొదటి ఫోటో పక్కన టేపు పెట్టి, దూరం నుంచి, కొలత కోసం తీసేదాన్ని. రెండోది అసలుది, బాగా దగ్గరగా, బొమ్మ తప్ప మరేమీ పడకుండా. కొలత తెలిశాక మొదటిదానితో పనుండేది కాదు.

మా ఊరి బడిలో ఒక టీచరమ్మ ఉండేది, సీతంపేట కొండల్లోని సవర గూడెంలో పుట్టిన పిల్ల. ఒకరోజు సాయంత్రం వచ్చి, "అక్కా, గోడ మీద బొమ్మకి పటం కడతావా?" అని అడిగింది.

వాళ్ళ మామ్మ ఇంట్లో లోపలి గోడ మీద బొమ్మ ఉందట. తాత పోయాక రాయించినది. రాసినాయన కూడా ఇప్పుడు లేడు, గూడెంలో అలా రాయడం తెలిసినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. మట్టిల్లు తీసేసి అదే చోట సిమెంటిల్లు కడుతున్నారు. వచ్చే మంగళవారం గోడ పడగొడతారు. గోడని మోసుకెళ్ళలేరు కాబట్టి, బొమ్మని ఫోటో తీసి, పెద్దగా ప్రింటు వేయించి, పటం కట్టి ఇస్తే మామ్మ కొత్తింట్లో పెట్టుకుంటుంది. లేకపోతే ఆ ఇంట్లో కాలు పెట్టనంటోందని చెప్పింది. నేను ఎగిరి గంతేశాను. మంచి పని అని కాదు, నా కంప్యూటర్ గొప్ప చూపించడానికి ఇంతకన్నా మంచి బేరం దొరకదని.

ఆదివారం ఇద్దరం బయలుదేరాం. రెండు బస్సులు మారి, ఆఖరికి ఒక జీపులో అనాసపళ్ళ బుట్టని ఒళ్ళో పెట్టుకుని కొండెక్కాను. మామ్మ పొట్టిగా, గట్టిగా ఉంది. నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఈ గుంటేనా ఫోటో తీసేది?" అంది. లోపలి గదిలోకి తీసుకెళ్ళి, ముందు ఆకుదొన్నెలో జీలుగు కల్లు పోసి గోడ దగ్గర పెట్టింది. వాళ్ళ భాషలో గోడతో ఏదో చెప్పింది. "ఫోటో తీత్తారు, బెదిరిపోకు అని సెప్పినాను" అంది నాతో.

కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక చూశాను. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో తెల్లటి మనుషులు. వరసగా చేతులు పట్టుకుని ఆడేవాళ్ళు, నెమళ్ళు, చెట్టెక్కే కోతి, పైన సూర్యుడూ చంద్రుడూ. మధ్యలో సైకిలెక్కి ఒకాయన. అతనే తాత. బతికినన్నాళ్ళూ సైకిలు కొనలేకపోయాడట. "పోయినాక కల్లోకొచ్చి సైకిలడిగినాడు. అందుకే రాయించినాను" అంది మామ్మ, మొగుడి ఆగడం చెప్పుకుంటున్నట్టు.

వీటన్నిటి చుట్టూ రెండు గీతలు, ఆ గీతల మధ్య కోణాలు కోణాలుగా ముగ్గు ఉంది. అంచు కాబోలు అనుకున్నాను. అంచులు కట్టడం మా వృత్తి. అంతకన్నా మంచిది నేను వేస్తాను కదా అని కూడా అనుకున్నాను.

టీచరమ్మ బయట చుట్టాలతో కబుర్లలో ఉంది. టేపు పట్టుకోవడానికి మామ్మనే సాయం పిలిచాను. టేపు చివరని గోడ మీద పెట్టి బొటనవేలితో ఎంత గట్టిగా నొక్కిందంటే గోరు పాలిపోయింది. కొలత ఫోటో తీసుకున్నాను. తర్వాత దగ్గరికి జరిగి, ఆ గీతలు పడకుండా బొమ్మ వరకూ శ్రద్ధగా అరడజను ఫోటోలు తీశాను.

"ఇల్లు బాగా తీసినావా? ఒక్క మూలా పోకూడదు" అంది మామ్మ.

"అయ్యో, దానికేం భాగ్యం మామ్మా!" అని బయటికెళ్ళి, గుమ్మడిపాదు పాకిన కప్పుతో సహా ఇంటిని నాలుగు వైపుల నుంచీ తీశాను. ముసలావిడకి పాతింటి మీద ఎంత మమకారమో అని మనసులో జాలిపడ్డాను కూడా.

కొట్టుకొచ్చి మొదట టేపు ఫోటో ఎక్కించాను. నాన్న నీళ్ళు తాగడానికి లేచినవాడు ఓరకంట చూశాడు. "బొటనేలికి పటం కడతావేటే?" అన్నాడు. "అది కొలత కోసం, నీకు తెలీదు" అని కసిరి, కొలత తీసుకుని దాన్ని పక్కన పడేశాను. దగ్గరగా తీసినదాన్ని తెరకెక్కించి, తెల్లటి అట్ట మౌంటు పెట్టి, బంగారు రంగు ఫ్రేము తొడిగాను. నా కళ్ళకే ముచ్చటేసింది.

గురువారం మనవరాలితో మామ్మ వచ్చింది. గోడ మంగళవారమే పడిపోయింది. నేను పెళ్ళికూతుర్ని చూపించినంత సంబరంగా తెర ఆవిడ వైపు తిప్పాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"ఇల్లేదీ?" అంది.

"ఇదిగో" అని గుమ్మడిపాదు ఫోటో తెరిచాను.

"ఇది కాదే. ఇది కూలిపోనాది కదా. నా మొగుడిల్లేదీ?"

టీచరమ్మ తెర వైపు వంగి చూసి గతుక్కుమంది. మెల్లగా నాకు చెప్పింది. చుట్టూ ఉన్న ఆ గీతలు అంచు కాదక్కా, అవే ఇల్లు. పోయినవాళ్ళు ఉండడానికి గోడ మీద రాసే ఇల్లది. లోపలున్నదంతా వాళ్ళ సంసారం. నేను ఇంటిని కోసి పారేసి, తాతని సైకిలుతో సహా నడివీధిలో నిలబెట్టాను.

"గోడలు నేకుండా ఎలగుంటాడు?" అని అడిగింది మామ్మ. కోపంగా అనలేదు, నిజంగానే అడిగింది. నాకు చెవులు మండిపోయాయి. అంచులు కట్టేదాన్నని మిడిసిపడి, ఇంటినే అంచనుకుని వదిలేశాను. గోడ లేదు, రాసినాయన లేడు. కళ్ళనీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి కీబోర్డు తుడుస్తూ కూర్చున్నాను.

"ఆ బొటనేలిది ఉండాల కదే?" అన్నాడు నాన్న.

ఆయన కుర్చీ తిప్పుకుని కంప్యూటర్ని ఎదురుగా చూడడం అదే మొదటిసారి. గబగబా ఆ ఫోటో వెతికి తెరిచాను. దూరం నుంచి తీసింది కాబట్టి నాలుగు గోడలూ ఉన్నాయి. కొంచెం ఒరిగాయి, కానీ ఉన్నాయి. ఈసారి మూలలు నేను ఎంచలేదు. మామ్మ తెర మీద వేలు పెట్టి "ఇక్కడ, ఇక్కడ" అంటుంటే అక్కడే నొక్కాను. తెరంతా వేలిముద్రలైనా నోరెత్తలేదు. ఇల్లు వంకర తీరి నిలబడింది.

కింద మూలలో మాత్రం బొటనవేలు మిగిలిపోయింది, గోడ మీదికి ఎక్కి.

"పక్కనున్న గీతని తెచ్చి దీని మీద అతికిస్తాను మామ్మా, వేలు కనపడదు" అన్నాను.

"నా ఏలే కదా" అంది ఆవిడ, తెరకి మొహం ఆనించి. తర్వాత పకపకా నవ్వింది. "ఉండనీ. గోడ పడిపోకుండా పట్టుకున్నాను."

బంగారు ఫ్రేము మొదలు అన్నీ తెర మీద తొడిగి చూపించాను. దేనికీ తలూపలేదు. నాన్న లేచి, గోడ మీంచి సాదా చెక్కరంగు మూలముక్క ఒకటి తీసి, దాన్ని తిన్నగా తెర మూలకి ఆనించి ఒక కన్ను మూశాడు. మామ్మ కూడా ఒక కన్ను మూసి చూసింది.

"ఇది కట్టేయి బాబూ" అంది.

నాన్న నా వైపు చూడలేదు. చూడాల్సిన పని లేనంతగా మీసాల్లో నవ్వుకున్నాడు. నాకు ఒళ్ళు మండిన మాట నిజమే, కానీ టేపు తెచ్చి ఆయన చేతికిచ్చాను.

పటం కట్టాక తీసుకెళ్ళడానికి మామ్మ ఒక్కతే వచ్చింది. కాగితం చుట్టి ఇవ్వబోతే వద్దంది, ఆయనకి దారి కనపడాలట. పటాన్ని చంకకి ఎత్తుకుని, బొమ్మ ముందుకి తిప్పుకుని, తన బొటనవేలిని సరిగ్గా ఆ బొటనవేలి మీద ఆనించి పట్టుకుంది. మెట్లు దిగుతూ దానితో అంది:

"పదయ్యా, బేగి పద. బస్సెల్లిపోద్ది."