పంపింది ఎవరండీ?

సూర్యతేజ శవపేటిక మండవల్లి చేరిన రోజున వాళ్ళ నాన్న వెంకట్రాజు అడిగిన మాటకు మా వీధి వీధంతా నోరు వెళ్ళబెట్టింది.

పేటిక మీద జెండా కప్పి ఉంది. వెంట వచ్చిన జవాను పేరు రాజ్ కుమార్, శ్రీకాకుళం వైపు మనిషి. పేటికను అరుగు మీద పెట్టించి, సెల్యూట్ చేసి పక్కకు జరిగాడు. వెంకట్రాజు కొడుకు వైపు కూడా చూడకుండా నేరుగా అతని దగ్గరికి వెళ్ళాడు.

"మా వాణ్ణి అక్కడికి పంపింది మీరేనాండీ?"

జవాను తెల్లబోయాడు. "నేను తోడొచ్చానండీ, అంతే."

"శవం వెంట వచ్చేది పంపినాయనే కదండీ?"

జవానుకు ఎవరో కుర్చీ తెచ్చి వేయబోతే వెంకట్రాజు చెయ్యి అడ్డం పెట్టాడు. దహనం అయ్యేదాకా ఆ జవాను ఎండలో నిలబడే ఉన్నాడు పాపం. కొడుకు శవాన్ని అంత దూరం నుంచి తెచ్చినవాణ్ణి కూర్చోమనని ఇంటిని నేనెక్కడా చూడలేదు. దుఃఖంతో మతి చలించిందనే అనుకున్నాను. తర్వాత తెలిసింది, మతి చలించలేదు, మనిషి విషయంలో పొరబడ్డాడని.

ఎందుకు పొరబడ్డాడో తెలియాలంటే వెంకట్రాజు సంగతి చెప్పాలి. పుట్టింది కొల్లేటికోటలో. నేల మీద కంటే ముందు నీళ్ళలోనే నడక నేర్చాడని వాళ్ళమ్మ చెప్పేది. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసిన ఏడాది భార్య వీరరాఘవమ్మతో మండవల్లి వచ్చి మా ఎదురింట్లో దిగాడు. ఆ రోజే వెళ్ళి ఎవరు, ఎక్కణ్ణుంచి, డబ్బాల్లో ఏముంది, అన్నీ అడిగేశాను.

"అక్కగారండీ, రేపటిక్కూడా నాలుగు ప్రశ్నలు ఉంచుకోండి. సామాను సర్దుకోవాలి" అని నవ్వాడు. అప్పట్నుంచి నాకు తమ్ముడే.

చెరువుల్లో చేపలు పట్టే ముఠాకు మేస్త్రీ అతను. మేస్త్రీ గట్టు మీద నిలబడి ఎవరు ముందు దిగాలో, ఎవరు వల అంచు పట్టాలో చెబుతాడు. అతను దిగమంటేనే మనుషులు నీళ్ళలోకి దిగుతారు. ఆ ముఠాల్లో ఒక కట్టుబాటు ఉంది. పనిలో మనిషి పోతే, శవం కంటే ముందు మేస్త్రీ ఆ ఇంటికి వెళ్ళాలి. ఇంటి ఆడవాళ్ళు వినేలా "పంపింది నేనేనమ్మా" అని చెప్పాలి. తిడితే పడాలి, కొడితే పడాలి. వాళ్ళు కూర్చోమనేదాకా వాకిట్లో నిలబడాలి.

వెంకట్రాజుకు అది చేయాల్సిన రోజు వచ్చింది. అతని ముఠాలో మదార్ అని ఏలూరు మనిషి ఉండేవాడు. చెరువులో గాలి కొట్టే మిషను వైరు తెగి, నీళ్ళలోకి దిగీ దిగగానే కరెంటు కొట్టి పోయాడు. వైరు చూసుకోవాల్సింది మేస్త్రీయే. చూసుకోలేదు. వెంకట్రాజు ఏలూరు వెళ్ళి మదార్ వాకిట్లో నిలబడి ఆ మాట చెప్పాడు. మదార్ భార్య వహీదా చేతిలో ఉన్న చెంబు విసిరి కొట్టింది. నుదురు చిట్లింది. రక్తం కారుతుంటే తుడుచుకోకుండా నిలబడ్డాడట. పొద్దు వాలాక ఆవిడే "కూర్చోండి" అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందట.

నుదుటికి కట్టుతో వెంకట్రాజు ఇంటికొచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. సూర్యతేజ అప్పటికి హైస్కూల్లో చదువుతున్నాడు.

"కొడతారని తెలిసి కూడా ఎందుకెళ్ళావు నాన్నా?" అన్నాడు.

"వెళ్ళకపోతే రేపు నా మాట మీద నీళ్ళలోకి ఎవడు దిగుతాడ్రా?"

ఆ పిల్లవాడే చెరువు గట్ల మీద పరుగులు తీసి తీసి సైన్యంలో చేరాడు. సెలవుకు వస్తే వీధి కొళాయి దగ్గర ఆడవాళ్ళ బిందెలన్నీ మోసేవాడు. "ఏరా, దేశాన్ని అక్కడ ఎవరికప్పజెప్పి వచ్చావు?" అని నేనంటే, "మీకు చెబితే సాయంత్రానికి శత్రువుక్కూడా తెలిసిపోతుంది అత్తయ్యా" అనేవాడు. సరిహద్దులో కాల్పులు జరిగిన రోజుల్లో, కొండ మీద కాపలా ఉన్న చోట ఫిరంగి గుండు పడి చనిపోయాడు. వాడితో పాటు మరి కొందరు కూడా పోయారు.

ముందుగా ఎవరూ రాకపోయేసరికి, శవంతో పాటు వచ్చినవాడే పంపినవాడని వెంకట్రాజు అనుకోవడానికి కారణం ఆ కట్టుబాటే. పరామర్శకు వచ్చిన ప్రతివాణ్ణీ అదే అడిగేవాడు. దండ పట్టుకొచ్చిన నాయకుడొకాయన "దేశం పంపిందండీ" అన్నాడు.

"దేశానికి నోరుంటే పిలుచుకురండి. మా ఆవిడకు చెప్పాలి" అన్నాడు వెంకట్రాజు. ఆయన దండ ఫొటోకు వేయాలో వెంకట్రాజు చేతికివ్వాలో తెలియక బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వీరరాఘవమ్మ మాత్రం మాట్లాడటమే మానేసింది. వండేది, వడ్డించేది, గోడకు ఆనుకుని కూర్చునేది. "మా ఆవిడ ఇలాగే అయిపోతుందక్కగారండీ. ఎవరో ఒకరు వస్తే తిట్టి అయినా ఏడుస్తుంది. తిట్టడానిక్కూడా మనిషి లేకపోతే ఎలాగండీ?" అన్నాడు వెంకట్రాజు. అతని గొడవంతా అందుకోసమేనని నాకప్పుడు తెలిసింది.

ఇంతలో తాడేపల్లిగూడెం నుంచి కబురు వచ్చింది. సూర్యతేజతో అదే కొండ మీద ఉన్న జావీద్ అనే జవాను కాలికి దెబ్బ తగిలి ఇంటికొచ్చాడట. వెంకట్రాజు బయల్దేరాడు. నేనూ చెప్పులేసుకున్నాను.

"మీరు రాకపోతేనే ఆశ్చర్యమండీ" అన్నాడు.

ఏలూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. జావీద్ వాళ్ళమ్మ గుల్నాజ్ కుట్టుమిషను పక్కకు జరిపి మాకు చాప వేసింది. జావీద్ మంచం మీదున్నాడు, కాలికి ఇనప కమ్మీలు. వెంకట్రాజును చూడగానే లేవబోయాడు.

"బాబాయిగారండీ, ముందు రోజే బంకరు కప్పు పగిలిందండీ. కిందికి దిగిపోతామని సూర్యే వైర్‌లెస్‌లో అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. మా ఆఫీసరు సాబ్ వద్దన్నారు."

"ఎందుకొద్దన్నాడు?" అన్నాను నేను, వెంకట్రాజు కంటే ముందు.

జావీద్ వాళ్ళమ్మ వైపు చూశాడు. "ఆయన పైన పెద్ద సాబ్ చూడ్డానికి వస్తున్నారటండీ. పోస్టు ఖాళీగా కనపడకూడదన్నారు. వచ్చి వెళ్ళాక దిగండి అన్నారు."

"వచ్చాడా ఆయన?" మళ్ళీ నేనే.

"లేదండీ. కాల్పులని ప్రోగ్రాం మానుకున్నారు. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు."

గుల్నాజ్ మాకు తెస్తున్న టీ కింద పెట్టేసి కొడుకు పక్కన కూర్చుంది. ఈ ముక్క ఆవిడక్కూడా అప్పుడే తెలిసినట్టుంది. శత్రువు గుండుకు పోయాడని ఇన్నాళ్ళూ అనుకున్నాం. ఎవరో వస్తారని, కనపడాలని, పగిలిన కప్పు కింద పిల్లల్ని కూర్చోబెట్టారా!

వెంకట్రాజు మంచం దగ్గరికి జరిగాడు. "మీ సాబ్ ఫోన్ నంబరుందా బాబూ?" అన్నాడు.

జావీద్ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. సాబ్ ముందు జావీద్ కాలు ఎలా ఉందని అడిగాడు. తర్వాత సూర్యతేజ నాన్నగారున్నారని జావీద్ చెప్పాడు. పిల్లల్ని అక్కడ ఉండమంది మీరేనా అని వెంకట్రాజు అన్నదాన్ని జావీద్ హిందీలో అడిగాడు.

ఆయన జవాబును జావీద్ తెలుగులో చెప్పాడు.

"తనే ఉండమన్నానంటున్నారండీ. దిగనివ్వాల్సిందని కూడా అంటున్నారు."

వెంకట్రాజు రెండు చేతులూ జోడించాడు, ఫోన్‌కు! "ఒక్కసారి మండవల్లి రమ్మను బాబూ. నేనేమీ అనను. మా ఆవిడకు ఆ మాట చెప్పి వెళ్ళిపొమ్మను."

జవాబు వెంటనే వచ్చింది. జావీద్ చెప్పడానికి తటపటాయించాడు.

"రాలేరటండీ. ఎంక్వయిరీలో ఎవరి తప్పూ లేదని తేలిపోయిందట. ఇప్పుడు తను ఒప్పుకున్నట్టు ఎవరికీ చెప్పొద్దని... బతిమాలుతున్నారండీ."

అంతమంది చేత తుపాకులు పట్టించేవాడు, ఒక చేపల మేస్త్రీని బతిమాలడమా! నిజం ఒప్పుకున్నాడన్నదానికంటే అదే నన్ను నిలువునా కుదిపేసింది.

"చెప్పనని నేను మాటివ్వలేదని చెప్పు" అన్నాడు వెంకట్రాజు. అప్పటికే అవతల ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి వీరరాఘవమ్మ గోడకు ఆనుకునే ఉంది. వెంకట్రాజు గుమ్మం బయటే నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. కప్పు సంగతి, పెద్ద సాబ్ సంగతి, ఒప్పుకున్న సంగతి, ఎవరికీ చెప్పొద్దన్న సంగతి.

వీరరాఘవమ్మ లేచింది. జుట్టు ముడేసుకుంది.

"దిగుతానని అడిగాడా నా బిడ్డ?"

"అడిగాడు."

"అడిగాడా!" అని కేక పెట్టింది. దహనం నాడు కూడా ఆ గొంతు వినలేదు మేం. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలి పరిగెత్తుకొచ్చారు. వీరరాఘవమ్మ వాకిట్లోకి వచ్చి, ముక్కూ మొహం తెలియని ఆ మనిషిని తిట్టింది. అతన్ని కన్నతల్లిని మాత్రం ఏమీ అనలేదు. తిట్టి తిట్టి నేల మీద కూలబడి ఏడ్చింది. వెంకట్రాజు పక్కన కూర్చుని ఆమె తల పట్టుకున్నాడు.

ఏడుపు కాస్త తగ్గాక నా చెయ్యి పట్టుకుంది.

"వాడితో పాటు పోయిన పిల్లల అమ్మలకు ఇది తెలుసా వదినగారూ?"

"తెలిసుండదు."

"జావీద్‌నడిగితే వాళ్ళ ఊళ్ళు చెబుతాడు. మనం చెబుదాం."

"ఆయన వద్దన్నాడుగా" అన్నారెవరో వెనకనుంచి.

వీరరాఘవమ్మ అటు తిరిగి కూడా చూడలేదు. "వదినగారూ, ఫోన్ చెయ్యండి" అంది. నేను చేశాను.