బావగారి మర్యాద, మా జీపు మునక

ఈ పేజీకి ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ ఏమయ్యాయో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

నిరుడు కొల్లేరులో మా చేపల చెరువు గట్టు మీద, మేత మోసే పాత జీపుకు బ్రేకులు పడటం మానేశాయి. పైపుల్లో గాలి చేరింది. దాన్ని తీయడానికి నేను చక్రం పక్కన పడుకుని, మా బావగారిని సీట్లో కూర్చోబెట్టాను.

"పెడల్ తొక్కి పట్టుకోండి బావగారూ. నేను నట్టు బిగించేదాకా కాలు తీయకండి. తీస్తే మళ్లీ పైపులోకి గాలి చేరుతుంది."

"అలాగేలేవయ్యా, నాకు చెప్పాలా?"

వదులు చేసిన నట్టులోంచి బ్రేకు నూనెతో వస్తున్న బుడగలు ఆగాయి. నట్టు బిగించి, బావగారిని దింపి, నేనే జీపు తీశాను. మలుపులో తొక్కితే పెడల్ నేలకు తగిలింది. జీపుతో సహా చెరువులో పడ్డాను. మేత బస్తాలు తేలాయి, చేపలు పండగ చేసుకున్నాయి.

చెయ్యందించి నన్ను పైకి లాగిన పెద్దాయన అన్నాడు: "మీ బావగారిది ఎంత మర్యాదండీ! ఇందాక నేను ఇటు వెళ్తుంటే, పనిలో ఉండి కూడా సీట్లోంచి లేచి నిలబడి దండం పెట్టారు."

అప్పటినుంచి ప్రతి పెళ్లిలోనూ బావగారిది ఒకటే మాట: "మా బావమరిదికి నట్టు బిగించడం రాదండీ."

పనికి ఇద్దరు కావాల్సినచోట మర్యాదస్తుణ్ణి పిలవకూడదని నాకు తెలిసొచ్చింది. బావగారూ, ఈ పత్రిక మీ ఇంటికీ వస్తుంది. ఆ రోజు కాలు తీశారా, లేదా? ఈ పేజీలోనే జవాబు రాయండి.