నాలుగో గడి

కొత్త సమస్య ఏదొచ్చినా ముందు బ్లేడుతో పెన్సిల్ చెక్కుతాను. ఆ చెక్క వాసన రాగానే రాజేశం సార్ గుర్తుకొస్తారు. సిద్దిపేటలో సర్వర్లు చూసుకునే ఒక చిన్న ఆఫీసులో ఆయన నా మొదటి బాస్. మగ్గం నేసే ఇంట్లో పుట్టి, గల్ఫ్‌లో కరెంటు పని చేసి, నలభై దాటాక కంప్యూటర్లు నేర్చుకున్న మనిషి.

నేను చేరిన రెండో నెలలో, ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో కంప్యూటర్ గడియారం ఎనిమిది నిమిషాలు వెనక ఉందని ఫోన్ వచ్చింది. వాళ్ల సాఫ్ట్‌వేర్ నడిచేది వర్చువల్ మెషిన్‌లో, అంటే పెద్ద సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తోనే కట్టిన ఇంకో కంప్యూటర్‌లో. అయిదు నిమిషాలకోసారి ఇంటర్నెట్ నుంచి సరైన టైం తెచ్చిపెట్టే చిన్న ప్రోగ్రాం, స్క్రిప్టు ఒకటి రాసి, ఆఫీసు నుంచే ఎక్కించి, ఆ సంగతి మరిచిపోయాను.

మూడో రోజు సారూ నేనూ ల్యాబ్‌కి పరుగెత్తాల్సి వచ్చింది. టెక్నీషియన్ స్వరూపక్క కళ్లు ఎర్రగా ఉన్నాయి. రికార్డుల్లో రక్తం తీసిన టైం పది పది, రిపోర్టు టైం పది అయిదు! పరీక్ష చేయకుండానే అంకెలు కొట్టిందని మేనేజరు అనుమానం. సాయంత్రంలోగా తేలకపోతే రేపటి నుంచి రావద్దన్నాడు.

"సూది గుచ్చకముందే రిపోర్టు ఇచ్చిన్నట తమ్మీ! నేనేమన్న సోది చెప్పేదాన్నా?" అంది అక్క.

నేను కీబోర్డు అందుకున్నాను. "ఒక్క కమాండ్ కొడితే సక్కగైతది సార్."

"మొన్న గూడ గట్లనే సక్కజేసినవ్ గద! చెయ్యి దియ్యి. ముందు సూడు, రాయి."

ఆయన నోట్‌బుక్‌లో నిలువుగా నాలుగు గడులు గీశారు. మొదటిది తన చేతిగడియారం, రెండోది పెద్ద సర్వర్, మూడోది వర్చువల్ మెషిన్. నాలుగోది ఖాళీగా వదిలారు. నిమిషానికోసారి పెన్సిల్‌తో రాయమన్నారు. మొదట విసుగేసింది. ఇరవై వరుసలు దాటాక కుర్చీ ముందుకు జరుపుకున్నాను. మూడో గడిలోని టైం ఒకసారి చేతిగడియారంతో కలుస్తోంది, కాసేపటికి ఎనిమిది నిమిషాలు వెనక్కి దూకి పెద్ద సర్వర్‌తో కలుస్తోంది, మళ్లీ ముందుకొస్తోంది.

"గడియారం పిచ్చిది కాదు సార్. ఇద్దరి మాట ఇంటున్నది."

"ఎవలెవలు?"

"పెద్ద సర్వర్ తన టైం దీనికి రుద్దుతున్నది. అది ఎనిమిది నిమిషాలు వెనక..."

"ఇంకొకలు?"

నేను పెన్సిల్ కింద పెట్టాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. "నాలుగో గడి, నువ్వేం జేసినవో రాసేటందుకు. గది పెన్నుతోని రాయి. పెన్సిలైతే చెరపబుద్ధైతది."

స్క్రిప్టు అని రాశాను. స్క్రిప్టు సరిచేశాక రక్తం తీసిన టైం పడింది, సర్వర్ వెనక్కి లాగాక రిపోర్టు టైం పడింది. అంతకుముందు అన్ని టైములూ ఆలస్యమే, కానీ వరుస తప్పలేదు. తప్పించింది నేను.

"మగ్గం మీద ఒక్కలే కూసోవాలె. ఇద్దరు పోగులల్లే నాడె ఇసిరితే బట్టయితదా?" అన్నారు సార్. మధ్యాహ్నం కౌంటర్ ఆపించి స్క్రిప్టు తీసేశాను. పెద్ద సర్వర్ గడియారాన్ని సరిచేసి, అది వర్చువల్ మెషిన్ టైం మార్చకుండా ఆపాను. చిన్న తేడాలను మెల్లగా సర్దే టైం సర్వీసు ఒక్కదానికే ఆ పని అప్పగించాను. తర్వాత అరగంట రాసినా మూడో గడి ఎక్కడా వెనక్కి దూకలేదు.

సార్ నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు. "పో, నువ్వే సూపియ్యి."

మేనేజరు ముందు నాలుగో గడి మీద వేలు పెట్టి, తప్పు నాదేనని చెప్పాను. అతను వరుసలన్నీ చదివి, స్వరూపక్కను కౌంటర్‌కి వెళ్లమన్నాడు. ఆమె పోతూ పోతూ, "ఈసారి నీ రక్తం తీస్త తమ్మీ, టైం సూసుకో," అంది.

సార్ ఇప్పుడు ధూళిమిట్టలో వ్యవసాయం చేసుకుంటున్నారు. ఈ పొద్దున ఇంకో మెషిన్‌లో గడియారం తప్పిందని ఫోన్ వచ్చింది. నాలుగు గడులు గీశాను. చెక్కిన పెన్సిల్ పక్కన పెట్టి, ముందు పెన్ను మూత తీశాను.