జమ్ము పీకించింది నేనే

మా చిన్నప్పుడు... వానకు గొడ్ల కొట్టం కురిస్తే బాపు కొడవలి పట్టుకుని కొత్వాల్‌గూడ పక్కనున్న మా ఊరి కుంటలోకి దిగేవాడు, జమ్ము కోయడానికి. మోకాటి లోతు నీళ్లలో ఆయన వెనకాలే నేను.

జమ్ము అంటే నీళ్లలో మనిషికంటే ఎత్తు పెరిగే గడ్డి. కొట్టం మీద అదే కప్పు. కోస్తూ కోస్తూ బాపు టక్కున ఆగేవాడు... లోపల నీటికోడి గుడ్లు! చప్పుడు కాకుండా నాలుగు జమ్ము కొసలు కలిపి ముడి వేసేవాడు. ముడి ఉన్న దుబ్బు జోలికి ఊళ్లో ఎవరూ పోరు. చట్టం లేదు, బోర్డు లేదు, జరిమానా లేదు. అయినా పోరు.

"బాపూ, గిదే మంచిగ పెరిగింది, కోసుకుందం" అన్నాను ఒకసారి.

"ఇంకొకల ఇల్లు పీకి మన కొట్టం కప్పుకుంటమారా?"

తర్వాత విమానాశ్రయం వచ్చింది. భూములకు రెక్కలొచ్చాయి. కుంటలోకి లారీల మట్టి, మోరీ నీళ్లు. ఎన్ని ఆఫీసుల మెట్లెక్కానో, ఎందరితో గొడవపడ్డానో... చివరికి కిందటేడు బాగుచేశారు. మట్టి తీశారు, మురుగు మళ్లించారు, గట్టు మీద నడకబాట వేశారు, నీళ్ల నడుమ ఫౌంటెన్ పెట్టారు. అడుగు కనిపించేంత తేట నీళ్లు.

ఒక్క పిట్ట లేదు.

"పిట్టలు ఎక్కడుండాలె, నీ ఫౌంటెన్ మీదనా?" అని కాంట్రాక్టరు మీద అరిచాను. ఆయన నింపాదిగా నా దరఖాస్తే తీసి చూపించాడు. 'పిచ్చిగడ్డి సమూలంగా తొలగించాలి.' కింద నా సంతకం. ముడి వేసిన మనిషి కొడుకుని... నేనే రాశాను.

ఇప్పుడు తూర్పు మూలన జమ్ము మళ్లీ మొలిచింది. వచ్చే నెల దాన్నీ పీకేస్తారట. ఆ ఒక్క మూలైనా వదలండని కొత్త దరఖాస్తు రాసి ఇల్లిల్లూ తిరిగాను. దోమలన్నారు, పాములన్నారు.

"ఏందన్నా, పీకాలె పీకాలె అని మా పాణం తీసింది నువ్వే గదా! ఇప్పుడు పెంచుమంటవా? జర ఒక్క మాట మీదుండు" అని నవ్వాడు పక్కింటి యాదగిరి.

పొద్దున్నే గట్టు నిండా నడిచేవాళ్లే... ఆ మూలవైపు చూసేవాడిని నేనొక్కడినే. దరఖాస్తు మీద ఇప్పటికీ ఒక్కటే సంతకం.

మీ ఊరి చెరువులో పిట్టలు ఎక్కడ గూడు పెట్టేవో గుర్తుందా? ఊరి పేరుతో కింద రాయండి. అన్నీ దరఖాస్తుకు జతచేస్తాను. ఆఫీసువాళ్లు చదవకపోతే పోనీ... అలాంటి గూళ్లు చూసింది నేనొక్కడినే కాదని నాకైనా తెలుస్తుంది.