తొంభైతొమ్మిది బిళ్లలు, ఒక మూల

నా చిన్నప్పుడు, ఒకే ఒక్క మధ్యాహ్నం, నా చేతుల మీదుగా నలభైనాలుగు బిళ్లలు పోయాయి. వాటిలో పదమూడు పొడి అయ్యాయి. ముప్పైఒకటికి తలా ఒక మూల ఊడింది. మొత్తం నూట ఇరవైలో డెబ్బైఆరు నిలిచాయి. వీటితోపాటు మా నాయన ముఖంలో నవ్వు, మా అవ్వ దగ్గర నాకున్న మంచిపేరు కూడా పోయాయి. వాటికి లెక్క కట్టడం నాకు చేతకాదు కనుక బిళ్లల సంగతే చెబుతాను.

అప్పుడు నాకు పదేళ్లు. మాది నగరి. నాయన మరమగ్గం మీద చీరలు నేసేవాడు. మేము రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్నాం. ముందు గదిలో సిమెంటు పూల బిళ్లలు పరచాలని నాయన కోరిక. వాటిని చేసింది పక్కింటి తాత. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, మాతో తెలుగు మాట్లాడే మనిషి. పెరట్లో ఇనుప అచ్చు పెట్టుకుని, రంగు సిమెంటు పోసి, ఒక్కొక్క బిళ్లనూ మర తిప్పి ఒత్తేవాడు. అడుగు పొడవు, అడుగు వెడల్పు.

పునాది తీసేటప్పుడే తాత వచ్చి గది కొలత మార్పించాడు. నాయన పదకొండుంబావు అడుగులు అనుకున్నాడు. తాత ఒప్పుకోలేదు. "బిళ్లను బట్టి గది, గదిని బట్టి ఇల్లు. గోడ కట్టేసి ఆమీట బిళ్లను కోస్తే ఏం బాగుంటాదప్పా?" అన్నాడు. అట్లా గది పన్నెండు అడుగులకు పది అడుగులయింది. నూట ఇరవై బిళ్లలు. ఒక్కటీ కోయక్కర్లేదు, ఒక్కటీ మిగలదు. తాత చేతి ఆఖరి బిళ్లలు అవే. భుజం పట్టేయడంతో, ఆ పని అయిపోగానే అచ్చునూ మరనూ అమ్మేశాడు.

గృహప్రవేశం ఎనిమిది రోజులుందనగా బిళ్లలన్నీ తెచ్చి గోడకు ఆనించి నిలబెట్టారు. లెక్క సరిపోయిందో లేదో చూడమని నాకు చెప్పి నాయన మగ్గం దగ్గరికి వెళ్లాడు. చూసి ఊరుకోమంటే ఊరుకునే పిల్లను కాదు. నాకు పదులంటే ఇష్టం. మధ్యాహ్నమంతా మోసి, పదేసి బిళ్లల్ని ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి దొంతులు పేర్చాను. పచ్చి బిళ్లల్ని నిలబెట్టే ఉంచాలనీ, వాటి మూలలు ఇంకా గట్టిపడి ఉండవనీ నాకు తెలియదు. పన్నెండో దొంతి పూర్తవుతుండగా పక్కది ఒరిగింది. అది దాని పక్కదాన్ని తోసింది.

నాయన వచ్చి చూశాడు. గడప మీద కూర్చుండిపోయాడు. అనాల్సిందంతా అవ్వే అంది. "ఆడపిల్లకి లెక్కలు, లెక్కలని నెత్తినెక్కించుకున్నావు గదరా. సూడు, ఎంత బాగా లెక్కబెట్టిందో!" నాయన లేచి నా లెక్కల నోటుపుస్తకం తీసి అటక మీద పెట్టేశాడు. బిళ్లలు పగిలినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

సాయంత్రానికి తాత వచ్చాడు. తను చేసిన ఆఖరి బిళ్లలు అట్లా పడి ఉంటే ఆయనకు ఎట్లా ఉండిందో ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం ఆయన నా పక్కన చతికిలబడి, "ఎన్ని పోయినాయి బేటీ?" అన్నాడు.

"నలభైనాలుగు."

"తప్పు."

"మూడుసార్లు లెక్కబెట్టినా తాతా!"

"బిళ్లల్ని లెక్కబెట్టినావు. మూలల్ని లెక్కబెట్టు."

మూల ఊడిన బిళ్లనొకదాన్ని తీసి, బొగ్గుతో మధ్యకు అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశాడు. రంపంతో గీతల వెంబడి కోశాడు. ఊడిన ముక్క పోగా అరడుగు చదరాలు మూడు చేతికొచ్చాయి. ఒక్కొక్కదాని మీద ఒక్క ఎర్ర రేకు. మూల ఊడిన ఇంకో బిళ్ల కోసి, దానిలోంచి ఒక చదరం తెచ్చి ఈ మూడింటి పక్కన పెట్టి తిప్పాడు. పువ్వు కూడింది. అచ్చు చేయించేటప్పుడు తాను గీసింది ఒక్క మూలేననీ, దాన్నే నాలుగుసార్లు తిప్పించాననీ చెప్పాడు. అందుకే ఏ మూల అయినా ఏ మూల పక్కనైనా ఒదుగుతుంది. రంపం తిన్న మందం సందుల్లో కలిసిపోతుంది.

నేను నేలమీదే లెక్క వేశాను. ముప్పైఒక్క బిళ్లలకు మూడేసి, తొంభైమూడు మూలలు. నాలుగేసి కలిపితే ఇరవైమూడు బిళ్లలు, ఒక మూల మిగులు. డెబ్బైఆరూ ఇరవైమూడూ తొంభైతొమ్మిది. ఇంకా ఇరవైఒకటి తక్కువ. మళ్లీ ఏడుపు ముంచుకొచ్చింది.

తాత నావైపు చూడకుండా నాయనతో అన్నాడు: "ఏమప్పా, నువ్వు నేసే చీరకి ఒళ్లంతా పూలేనా?"

"అంచు ఉండొద్దా మరి!" అంటూ నాయన ఆగిపోయాడు. గదివైపు చూశాడు. లేచి అటక మీంచి నోటుపుస్తకం దించి, దుమ్ము దులిపి నా చేతికిచ్చాడు. "ఎంత అంచు పెడితే సరిపోతాదో సూడు" అన్నాడు. అడిగింది తాతను కాదు, నన్ను.

చుట్టూ అరడుగు వదిలితే పన్నెండు పదకొండవుతుంది, పది తొమ్మిదవుతుంది. పదకొండు తొమ్ములు తొంభైతొమ్మిది. ఆ అంకె కాగితం మీద పడగానే నేను వేసిన కేక వీధి చివరికి వినిపించిందని అవ్వ చాన్నాళ్లు చెప్పుకుంది. అంచుకు అరడుగు చదరాలు ఎనభైనాలుగు కావాలి. కడప రాళ్లు అమ్మే చోట పగిలిన నల్ల ముక్కలు తెచ్చి కోశారు. గృహప్రవేశం రోజు వచ్చినవాళ్లంతా నల్లంచు చూసి మెచ్చుకుంటుంటే అవ్వ, "మా పిల్ల లెక్క గట్టింది, ఏమనుకున్నారు!" అంది.

ఆ రోజే తాత మిగిలిన ఒక్క మూలను నా చేతిలో పెట్టాడు. "దీనికింకా మూడు కావాల. నా దగ్గర అచ్చు లేదు. నువ్వు బాకీ" అని నవ్వాడు. అంతకుమించి చెప్పలేదు. తరువాత అడుగుదామంటే ఆయన లేడు.

నేను ఇంజినీరు చదువు చదవలేదు. అయినా ఈ చుట్టుపక్కల మేస్త్రీలు గది కొలతలకు నా దగ్గరికి వస్తారు. ముందు ఏ టైల్సు వేస్తారో అడిగి, ఆ తరువాతే గోడ గీస్తాను. ఎక్కడ లెక్క చిక్కుపడినా, కొలిచే ముక్కను సగం చేసి మళ్లీ మొదలుపెడతాను. తాత ఇచ్చిన మూల నా కాగితాలమీద బరువుగా ఉంటుంది. పోయిన ఏడాది ఒక మేస్త్రీ కూతురు దాన్ని అటూ ఇటూ తిప్పి, "అత్తా, ఇట్లాంటివి నాలుగుంటే పువ్వయితాది కదా!" అంది. ఆమెకు గళ్ల కాగితం ఇచ్చి కూర్చోబెట్టాను. ఇప్పుడు ఇళ్లు నాకంటే బాగా గీస్తోంది.

తాత అడిగిన మూడు మూలల్లో ఆ పిల్ల ఒకటి అనుకుంటున్నాను. ఇంకా రెండు బాకీ.