మొదటింట్లో మా గ్రైండర్

బెంగాలీవాళ్ల ఊళ్లో, ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్ పేటలో మాది వరస ఇళ్లలో చిట్టచివరిది. నాన్నకి ఓడల డాక్‌లో పని. మొదటింటి గోడకున్న కరెంటు మీటరు నుంచి ఒకటే సన్నటి వైరు ఇల్లిల్లూ దాటుకుంటూ చివరికి మా ఇంటికి చేరేది. సాయంత్రమైతే మా బల్బు నిద్రమొహం వేసేది. అయినా అమ్మ పంతం పట్టి విశాఖ నుంచి రైల్లో గ్రైండర్ తెప్పించింది. పొత్రం తిప్పీ తిప్పీ భుజాలు పడిపోయాయని ఆవిడ బాధ.

పప్పు పోసి స్విచ్ వేస్తే గ్రైండర్ మూలిగింది గానీ తిరగలేదు.

అమ్మ తిన్నగా మొదటింటి బౌది మీదికి వెళ్లింది. బౌది అంటే వదిన, ఆ బెంగాలీ ఆవిణ్ణి వరసలో అందరం అలాగే పిలిచేవాళ్లం. హీటరు మీద చేపల పులుసు కాచుకుంటూ కరెంటంతా ఆవిడే మింగేస్తోందని, మాకు ఎంగిలి మిగులుస్తోందని అమ్మ ఫిర్యాదు. సగం తెలుగు, సగం బెంగాలీ. అయినా తిట్టు మాత్రం పూర్తిగా అర్థమైంది. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి.

నేనప్పుడు కాలేజీలో ఫిజిక్సు చదువుతున్నాను. ఎవరూ అడక్కుండానే పాఠం చెప్పే జబ్బొకటి ఉండేది. బౌదిని బతిమాలి హీటరు ఆపించాను. గ్రైండర్‌ది అప్పటికీ మూలుగే. కాలేజీలో అడిగి తెచ్చిన వోల్టుమీటరు పెట్టి చూశాను. స్విచ్ వేయకముందు వోల్టేజి నిండుగా ఉంది, వేయగానే ముల్లు జారిపోయింది. దోషం బౌదిది కాదు, వైరుది. మోటారు కరెంటు లాగినప్పుడు ఆ పొడవాటి సన్నటి వైరే దారిలో కొంత వోల్టేజిని తినేస్తుంది. ఎంత ఎక్కువ లాగితే అంత ఎక్కువ తింటుంది.

"అయితే ఏటి సెయ్యమంతావే?" అంది అమ్మ.

కరెంటు మీటరు పక్కనే, మొదటింట్లో పెడితే తిరుగుతుందన్నాను. అప్పుడు అమ్మ మొహం చూడాలి. నానబోసిన మినప్పప్పు పులిసి పారబోసే దాకా ఆలోచించి, మళ్లీ నానబోసి, ఆ గిన్నె పట్టుకుని బౌది గుమ్మం ఎక్కింది. బౌది వంటింట్లో తన పీట పక్కకి జరిపి చోటిచ్చింది. నాన్నా నేనూ మోసుకెళ్లి అక్కడ పెట్టగానే గ్రైండర్ గిరగిరా తిరిగింది.

అప్పట్నుంచి రుబ్బడానికి వెళ్తే అమ్మకి పూట గడిచిపోయేది. బౌది ఇడ్లీని ఆవపచ్చడితో తినేది. అమ్మ ముక్కు మూసుకుని పక్కనే కూర్చునేది. వాళ్ల నవ్వులు చివరింటి దాకా వినిపించేవి. వాటికి మాత్రం దారిలో ఏమీ తగ్గేది కాదు.

కొన్నేళ్లకి మా వరసకి లావుపాటి కొత్త వైరు వేశారు. నాన్నా నేనూ కలిసి గ్రైండర్‌ని ఇంటికి మోసుకొచ్చాం. హాయిగా తిరిగింది. అమ్మ దాని ముందు కూర్చుని పిండి వంకా గుమ్మం వంకా మార్చి మార్చి చూసింది.

మర్నాడు, దాన్ని మళ్లీ మొదటింట్లో పెట్టి రమ్మంది. ఇక్కడ వోల్టేజి ఏమీ పడిపోవట్లేదు కదా అని నేను వాదించాను.

"వోల్టేజి ఉంది గానీ, నాకే తోసట్లేదే," అంది.

నాన్న విసుక్కుంటూనే ఓ చెయ్యి వేశాడు. బౌది వంటింట్లో పీట ఇంకా ఆ పక్కకే జరిపి ఉంది.