అచ్చియ్యమ్మ ఏరిన కళ్ళజోడు

మా మేనత్త అచ్చియ్యమ్మ తను ముందుగా వాడి చూడకుండా ఏ వస్తువునీ ఇంట్లో పిల్లల దాకా రానిచ్చేది కాదు. చోడవరంలో ఆ సంగతి తెలియని దుకాణం లేదు. ఆవిడ కొడుకు బంగార్రాజు పెళ్ళికి కొన్న బూట్లు ముందు ఆవిడే తొడుక్కుని పెరట్లో నూతి దాకా వెళ్ళి వచ్చింది. కొత్త గొడుగు తెస్తే వాన కోసం కాచుకుని, వాన రాగానే నడివీధిలో పీట వేసుకుని దాని కింద కూర్చుంది. కలరా సూదులు వేసేవాళ్ళు వచ్చినప్పుడు తను ముందు పొడిపించుకుని, "రేపు నాను లేస్తే మీరందరూ ఏయించుకోండి. లెగకపోతే ఆళ్ళని ఊరు దాటనియ్యకండి" అని చెప్పి పడుకుంది. తెల్లారి శుభ్రంగా లేచింది. సూదులవాళ్ళు అప్పటికే కె.కోటపాడు వెళ్ళిపోయారు. ఇంటిల్లిపాదీ అంత దూరం నడిచి వెళ్ళి పొడిపించుకుని వచ్చాం.

ఆవిడ వెనక నవ్వుకునేవాళ్ళం గానీ, ఎందుకిలా చేస్తావని ఎవరం అడిగేవాళ్ళం కాదు. ఆవిడ తొలిచూలు కొడుకు, బంగార్రాజు కంటే పెద్దవాడు, ఎవరో ఇచ్చిన వేరుమందు తాగి పోయాడు. ఆ మందు ఇంట్లో ఎవరూ ముందు నోట వేసుకుని చూడలేదు. అందుకే ఆవిడ మీద నాకు ఎంత కోపం వచ్చినా సగంలోనే ఆగిపోయేది.

బంగార్రాజు కూతురు పైడితల్లి కళ్ళజోడు విషయంలో మాత్రం ఆ కోపం సగం దాటి ఇంకొంచెం ముందుకి వెళ్ళింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు అది. పైడికి ఎనిమిదేళ్ళు. ముక్కుకి ఆనించుకుంటే తప్ప దానికి ఏదీ కనిపించదని మాకు చాలాకాలం తెలియలేదు. దూరంగా కట్టేసి ఉన్న గేదెని నేననుకుని "దాసు మావా" అని పిలిస్తే వేళాకోళమనుకున్నాం. నేనైతే నొచ్చుకున్నాను కూడా. సంతలో వాళ్ళమ్మదనుకుని ఎవరిదో చీర కొంగు పట్టుకుని బుచ్చయ్యపేట దారిలో సగం దూరం వెళ్ళిపోతే, అల్లరి అనుకుని రెండు తగిలించాం.

అసలు సంగతి కనిపెట్టినవాడు బళ్ళో గణపతిరావు మేస్టారు. ఆయన ఒకరోజు ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని మొర పెట్టుకున్నాడు. "ఏం చెప్పమంటారమ్మా! మీ పిల్ల బోర్డుకి ముక్కు ఆనించి చదువుతోంది. చదివినంత మేరా ముక్కుతో చెరిపేస్తోంది. మిగతా పిల్లలకి దీని తల తప్ప ఇంకేమీ కనిపించట్లేదు. కళ్ళజోడైనా పెట్టించండి, లేకపోతే ఇంటి దగ్గరైనా ఉంచుకోండి."

బంగార్రాజు చెరుకు గానుగ దగ్గర్నుంచి అప్పుడే వచ్చాడు. "ఆడగుంటకి కళ్ళజోడేటి మేస్టారూ, నవ్వుతారు. ఇంటికాడే ఉంటాదిలెండి" అన్నాడు.

తలుపు వెనక నుంచి పైడి ఏడుపు వినిపించింది. దానికి బడంటే ప్రాణం. ఆదివారం కూడా పలక పట్టుకుని వెళ్ళి, తాళం వేసిన తలుపు దగ్గర కూర్చుని వచ్చే రకం. ఆ ఏడుపు విని మా అత్త లేచి నిలబడింది.

"నా మనవరాలు బడి మానదు. కళ్ళజోడు నాను సూస్తాను" అంది.

బంగార్రాజు మళ్ళీ గానుగ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆవిడ 'నేను చూస్తాను' అన్న మాటని అక్షరాలా అలాగే తీసుకోవాలని అప్పటికీ నాకు తట్టలేదు.

ఆ వారం సంతకి ఒకాయన కళ్ళజోళ్ళ పెట్టె తెచ్చాడని తెలిసి ముగ్గురం బయల్దేరాం. నేను తాలూకా కచేరీలో గుమాస్తాని కాబట్టి చదువుకున్నవాడు పక్కనుండాలని నన్ను లాక్కెళ్ళింది. చంకలో చేట ఒకటి పెట్టుకుంది. చేటలో మూట కట్టిన బియ్యం.

"బియ్యం ఎందుకత్తా?"

"రాళ్ళ బియ్యంరా. జోడు మంచిదో సెడ్డదో రాళ్ళు ఏరితే తెలిసిపోద్ది."

సంతలో ఆ పెట్టె ముందు చతికిలబడి చేట ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కొక్క జోడూ తనే పెట్టుకోవడం, బియ్యంలోకి తొంగి చూడడం, పెదవి విరిచి పక్కన పడేయడం. పైడి పక్కనే బుద్ధిగా నిలబడి, తన కళ్ళజోడు ఎటువైపు ఉందో తెలియక, ఎదురుగా ఉన్న గాజుల మలారం కేసి ఆశగా చూస్తోంది.

నాకు ఒళ్ళు మండింది. "అత్తా, జోడు పైడికి కదా. పెట్టుకుని చూడాల్సింది అది కదా!"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఒరే దాసూ, నువ్వు కచేరీలో ఎలా నెట్టుకొస్తన్నావో గానీ! దానికి కళ్ళే ఆనవంటన్నారు గదా. కళ్ళాననిదాన్ని అడిగితే ఏటి సెప్తాది? సరీగ్గా కళ్ళున్నోళ్ళు సూసి సెప్పాలి గానీ!"

కచేరీలో ఎన్నో వాదనలు విన్నాను. ఇలాంటిది వినడం అదే మొదలు.

ఇంతలో ఒక జోడు పెట్టుకుని ఆవిడ "అమ్మ బాబోయ్" అంది. చేటలో రాళ్ళన్నీ టకటకా ఏరేసింది. మెరిక బియ్యం, వడ్ల గింజలు, చీమ కూడా దొరికాయి. "ఇదీ జోడంటే! గింజ మీద గీత కూడా అవుపిస్తంది!"

పెట్టెవాడు పాపం మంచివాడు. "అమ్మా, అవి నలభై దాటినోళ్ళకి. పిల్లలకి పనికిరావు" అన్నాడు.

"ఎదిగే గుంట బాబూ. దానికి మాత్రం నలభై రావేటి?"

జోడు పైడి మొహానికి పెడితే బుగ్గల దాకా వచ్చింది. జారిపోకుండా పురికొసతో జడకి కట్టింది. కొత్త వస్తువు కదా అని రెండు అద్దాల మీదా కాటుకతో దిష్టిచుక్కలు పెట్టింది. అద్దం నడిమధ్యన.

"కనిపిస్తందేటే?" అని అడిగింది.

పైడి ఆవిడ గొంతు వచ్చిన వైపు తిరిగి, "నీకు కనిపించింది గదా మామ్మా" అంది. ఆ మాట మా అత్తకి ఔనన్నట్టు వినిపించింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పైడి కళ్ళజోడుతో నడవడం ఒక పెద్ద పని అయిపోయింది. గడపలు లేని చోట కాలెత్తి దాటేది, ఉన్నచోట తన్నుకుని పడేది. బెల్లం కాచే పెనం దగ్గరికి వెళ్ళకుండా బంగార్రాజు గానుగ చుట్టూ తాడు కట్టాడు. అది ఆ తాడు తట్టుకుని పడింది. వాళ్ళమ్మ మంగాయమ్మ "జోడు తీసేయవే తల్లీ, ఇంతకు ముందే నయం" అంటే, మా అత్త ఊరుకోలేదు. "కొత్త సెప్పులు కరవ్వేటి? అలవాటవ్వాల" అని, చెప్పులకి రాసినట్టే కళ్ళజోడుకి ఆముదం రాసింది. అలా రాయడంలో అద్దాలకీ అంటింది. దిష్టిచుక్కలు కరిగి పాకాయి.

పైడి మాత్రం కిక్కురుమనలేదు. ఒకసారి నేను పక్కకి పిలిచి అడిగాను.

"అసలు నీకేమైనా కనిపిస్తోందే?"

"లేదు మావా. ఏటీ కనిపించదు."

"మరి చెప్పవేం?"

"మామ్మ సూసి ఇచ్చింది గదా. మామ్మ సూసి ఇచ్చింది మంచిదే అవుతాది. నా కళ్ళే ఇంకా కుదర్లేదు" అంది. దాని నెత్తి నిమిరి ఊరుకున్నాను.

చివరికి గణపతిరావు మేస్టారు విసిగిపోయాడు. ముక్కుతో చదివే రోజుల్లో పైడికి చదువైనా వచ్చేది. ఇప్పుడు బోర్డు అనుకుని తలుపు ముందు నిలబడుతోంది. ఇంక పంపొద్దని కబురు పెట్టాడు.

మా అత్త కొంగు బిగించి బడికి బయల్దేరింది. వెనక నేను, నా చెయ్యి పట్టుకుని పైడి. ఆవిడ బళ్ళోకి పోయి, పిల్లలందరి ముందూ పైడి మొహాన ఉన్న జోడు ఊడదీసి, ఆముదం కొంగుతో తుడిచి, తన కళ్ళకి పెట్టుకుంది.

"గింజ మీద గీత అవుపించే జోడు! బోర్డు అవుపించదేటి? సూసి సెప్తానుండు!" అని బోర్డు కేసి తిరిగింది.

చాలాసేపు చూసింది. పిల్లలు కిచకిచలాడుతున్నారు. ఆవిడ జోడు తీసి చూసింది, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"మేస్టారూ, బోర్డు మీద పొగేటి?" అంది. ఆ గొంతులో ఇందాకటి జోరు లేదు.

మేస్టారు తన కళ్ళజోడు తీసి పైడి ముక్కు మీద పెట్టి పట్టుకున్నాడు. పైడి వెనక బల్ల దగ్గరే నిలబడి, బోర్డు మీద ఉన్నదంతా పై నుంచి కింది దాకా గడగడా చదివేసింది. చదివి, తిరిగి, గుమ్మం దగ్గర ఉన్న మా అత్తని కాళ్ళ నుంచి తల దాకా చూసింది.

"మామ్మా! నువ్వింత పొట్టిదానివా?"

బడంతా నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. వీధిని గడగడలాడించే మనిషి చెంపదెబ్బ తిన్నట్టు నిలబడిపోయింది.

దారిలో ఆవిడ ఒక్కటే మాట అంది. "నాకు అవుపిస్తే దానికీ అవుపిస్తాదనుకున్నానురా. గుంట గోతిలో పడతా కూడా, మామ్మ ఇచ్చిందని పెట్టుకుంది." నాకు ఆవిణ్ణి అలా చూడడం అసలు నచ్చలేదు. తిడితేనే బాగుండేది.

మర్నాడు అనకాపల్లిలో కళ్ళద్దాల షాపుకి వెళ్ళాం. ఈసారి చేట తేలేదు. షాపాయన ఇంగ్లీషు అక్షరాల అట్ట గోడకి తగిలించాడు. పైడికి ఇంగ్లీషు రాదు. "అయితే దూరంగా ఉన్నదేదైనా, పిల్ల బాగా ఎరిగినది ఒకటి చూపించండి" అన్నాడు.

పైడి బాగా ఎరిగినదాన్ని రోడ్డుకి అవతలి పక్కన నిలబెట్టాం. బెల్లం బళ్ళ పక్కన, మిట్టమధ్యాహ్నం ఎండలో మా అత్త చెయ్యెత్తి నిలబడింది. షాపాయన పైడికి ఇనప చట్రం తగిలించి అందులో ఒక్కో అద్దమూ మారుస్తున్నాడు. "వేళ్ళెన్నమ్మా?" అని ఆయన అడగడం, పైడి తడుముకోవడం, మా అత్త అటునుంచి "మూడే! మూడని సెప్పవే!" అని కేక పెట్టడం. ఆయన తల పట్టుకున్నాడు. నేను అరిచాను. "అత్తా, నోరు మూసుకుని నిలబడు!"

పుట్టి బుద్ధెరిగాక ఆవిణ్ణి ఆ మాట అన్నది అప్పుడే. ఆవిడ నిజంగానే కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఒక బెల్లం బండి అడ్డం వచ్చి కదిలిపోయింది. షాపాయన అద్దాలు మార్చాడు.

పైడి వేళ్ళ మాట ఎత్తలేదు. రోడ్డు అవతలికి చూస్తూ ఉండిపోయింది.

"మామ్మా, ఏడస్తన్నావేటి?"

అంత దూరం నుంచి ఆ పిల్లకి తన మొహం కనిపిస్తుందని మా అత్త ఎన్నడూ అనుకుని ఉండదు. గబుక్కున కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఈ అద్దాలు మార్సీ బాబూ!" అని షాపాయనకి వినబడేలా కేకేసింది. "దానికి సరీగ్గా అవుపించట్లేదు!"

షాపాయన నా కేసి చూశాడు. అవే బిగించమన్నాను.